చప్పుడు ఆగిన కారవాన్

గురువారం, రాత్రి. నజ్మా పేటలో మా రూం.

నడుము నిలబడటం లేదు. పొద్దుటి నుంచి ఒక అరబ్బు వాళ్ళ కారవాన్, అదే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, దాని కిందే పడుకుని రిపేరు చేస్తున్నాను. కుదుపులు ఆపే కమాన్ కట్టల బుష్షులు పూర్తిగా అరిగిపోయి, ఇనుము ఇనుముకే రాసుకుంటోంది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టులు ఎంతకీ కదలకపోతే కోసి తీశాను. కొత్త బుష్షులు దిగ్గొట్టి గ్రీజు పెట్టేసరికి సాయంత్రమైంది. పట్టుకుని ఊపి చూస్తే కిక్కురుమనలేదు.

దాన్ని లాక్కెళ్ళే డ్రైవర్ రాజన్న మా జగిత్యాల వైపు మనిషే. అల్ రువైస్ దారిలో బండి ఆపి ఫోన్ చేశాడు. ఏం విరిగిందని అడిగాను.

"ఏం ఇరగలే తమ్మీ. ఇన్నేండ్లు కిర్రుకిర్రుమనుకుంట ఎనుక వచ్చేది. ఇప్పుడు సప్పుడే లేదు. వస్తుందో, ఊడిపోయిందో తెలుస్తలేదు. మాటిమాటికి అద్దంల చూసుకుంటున్న," అన్నాడు.

నవ్వి పెట్టేశాను. అన్నం ముందు కూర్చున్నాక మాత్రం ఊళ్ళో ఉన్న నా భార్య లత గుర్తొచ్చింది.

లత కూడా ఫోన్ చేసినప్పుడల్లా పోట్లాడేది. "ఎప్పుడొస్తవ్? ఇగ దుబాయ్‌లనే ఉంటవా? బిడ్డ నీ మొకం మర్చిపోతది," అనేది. ఈ మధ్య ఆ మాటే ఎత్తడం లేదు. "అంత మంచిగనే ఉంది. తిన్నవా?" అని పెట్టేస్తోంది. నేనేమో ఇంట్లో గొడవ తగ్గిందని హాయిగా నిద్రపోతున్నాను.

రాజన్న నయం. చప్పుడు ఆగగానే వెనక్కి చూసుకున్నాడు.