గ్రీకు ఒక పక్క, లాటిన్ ఒక పక్క

పుదుచ్చేరి, 12 ఆగస్టు 1911

నాయనకు ఇరుసప్ప దండాలు. బాగుండాను, కంటి మంట తగ్గింది.

అమ్మకు అరవం రాదు, నా పెండ్లాం మరగతానికి తెలుగు రాదు, ఇద్దరూ మాటలు మానుకుని వేరేగా తింటా ఉండారు, కోడల్ని పుట్టింటికి పంపేదా అని అడిగినావు. ముందు ఈడ జరిగింది విను.

చర్చి సామియారు ఎన్నో వందల ఏండ్ల నాటి బైబిలుకు తీసిన ఫోటో కాగితాలు తెప్పించి, బైండు చెయ్యమని నాకిచ్చినాడు. సగం గ్రీకు, సగం లాటిన్. రెండు భాషలు ఒక కుట్టులో కలపొద్దని నువ్వు నేర్పినావు కదా, అక్షరాల రూపు చూసి విడదీసి రెండు పుస్తకాలు కుట్టేసినాను. ఆయన తల పట్టుకున్నాడు. గ్రీకు పేజీకి ఎదురుగా అదే మాట లాటిన్‌లో ఉండాలంట. పని పోయిందనే అనుకున్నాను.

కుట్లు విప్పి రెండు రోజులు చూస్తా కూర్చున్నాను. ఆ రెండు భాషల్లో నాకు ఒక్క అక్షరం రాదు. అయినా ఈ పక్క వరస యాడ పొట్టిగా ఆగుతుందో, దాని జత పేజీలోనూ ఆడనే ఆగుతుంది. అది పట్టుకుని జతలు కలిపేసినాను. సామియారు అన్నీ సరిచూసి, బీరువాలో పాత పుస్తకాలు కూడా ఇంక నువ్వే కుట్టు అన్నాడు.

నీ పెద్ద దబ్బనం ఎవరితోనైనా పంపు. ఆవు ఈనిందా?

కోడల్ని పంపొద్దు. ఇద్దరికీ ఎదురెదురుగా అన్నం ఆకులు వేయించు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడనీ. నీకు రెండూ వచ్చు కదా, ఈ కార్డు అమ్మకు తెలుగులో, మరగతానికి అరవంలో చదువు. ఇద్దరినీ అడిగినానని రెండు భాషల్లోనూ ఒకే మాదిరి చెప్పు.