కూచోమన్న కుర్చీ

బుధవారం, రాత్రి

మెడికల్ కాలేజీ లిస్టులో నా పేరు లేదు. ఇంటర్వ్యూలో ఏం జరిగిందని ఇవాళ మా హెడ్‌మిస్ట్రెస్ అడిగితే ఉన్నది చెప్పాను. మద్రాసులో ముగ్గురు పెద్ద డాక్టర్లు నన్ను రెండుసార్లు కూచోమన్నారు. నేను కూచోలేదు. మా ఇళ్ళలో మగపెద్దల ఎదుట ఆడపిల్ల కుర్చీ ఎక్కదని మా అవ్వ నేర్పింది. అదే మర్యాద అనుకుని, అన్ని ప్రశ్నలకూ నేల చూస్తూ, నిలబడే జవాబులు చెప్పాను.

ఆవిడ తల పట్టుకున్నారు. "భయస్తురాలని రాసుంటారమ్మా. అప్పీలు చెయ్యి."

చేస్తే మాత్రం ఏమవుతుంది? మళ్ళీ అదే గది, అదే కుర్చీ. మార్కులు చాలకపోయుంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియడం లేదు. అప్పీల్లో ఏమని రాయాలి? మా అవ్వ నన్ను బాగా పెంచిందనా?

సాయంత్రం పని దిగే వేళకు మిల్లు సంగు, అదే సైరన్, ఊదాక నాయన వచ్చాడు. మీసం మీద దూది నూగు అలాగే ఉంది. అంతా విన్నాడు. తర్వాత ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ తానే దీపం కిందికి జరిపాడు.

"అప్పీలు రాయి అమ్మిణీ. మద్రాసుకు నేనూ నీ కూడా వస్తా. దీంట్లో కూసోని రాయి."

తాను మాత్రం ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కుర్చీ వీపు పట్టుకున్నాను.

"కూసో" అన్నాడు మళ్ళీ.

నా కాళ్ళు వంగలేదు. మూడోసారి ఆయన కూడా అనలేదు.