మానకూడని మాత్రలు

చాట్రాయి,
ఫిబ్రవరి

ప్రియమైన షీబా అక్కకి,

ఫోన్లో అయితే పక్కనే అమ్మ వింటుంది, అందుకే రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లకే గుండె రక్తనాళంలో గడ్డ అంటే ఊళ్లో ఇంకా ఎవరూ నమ్మట్లేదు. నూజివీడులో గడ్డ కరిగే ఇంజెక్షన్ చేశారు, విజయవాడలో మీ ఆస్పత్రిలో స్టెంట్ వేశారు, బతికాను. సరే. కానీ మామిడి పూతకి మందు కొడుతుంటే నన్ను గట్టు మీద కూర్చోబెడుతున్నారు. రక్తం పల్చబడే మాత్రల వల్ల పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. సిగరెట్ మానేశాను. మాత్రలు కూడా మానేద్దామనుంది. జోజమ్మకి చెబితే మొగుడని కూడా చూడకుండా తిడుతుంది. విసుగొచ్చిందక్కా.

నీ తమ్ముడు,
మార్టిన్


విజయవాడ,
మార్చి

ప్రియమైన మార్టిన్,

ఒక్క మాత్ర కూడా మానకు. స్టెంట్ ఇంకా కొత్తది. దానిలో మళ్లీ గడ్డ కడితే ఇక్కడిదాకా వచ్చే వ్యవధి ఉండదు. నీ చిగుళ్ల సంగతి డాక్టరుగారికి చెప్పాను. మెత్తటి బ్రష్ వాడమన్నారు. రక్తం ఆగకపోతే వెంటనే రమ్మన్నారు.

మొన్న నీ వయసు డ్రైవరు ఒకతన్ని తెచ్చారు. నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడట. అతను పోయాడని వాళ్లావిడకి నేనే చెప్పాల్సి వచ్చింది. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు.

నర్సులు చాలక నాకు డ్యూటీ మీద డ్యూటీ వేస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసం. దవడ లాగుతోంది, పన్నేమో చూపించుకోవాలి.

ప్రేమతో,
అక్క


చాట్రాయి,
మార్చి

ప్రియమైన అక్కకి,

మాత్రలు మానలేదు, మానను. కానీ నీ దవడ నొప్పి పన్నుది అంటే నాకు నమ్మకం కుదరలేదు. గుండె నొప్పి దవడలోనూ వస్తుందట. ముప్పై తొమ్మిదేళ్లు, బీపీ లేదు, షుగర్ లేదు అని ఊరుకోకు. రోజూ అంతమందికి ఈసీజీ తీస్తావు, ఒకసారి నువ్వూ తీయించుకో. వెంటనే జవాబు రాయి.

నీ మార్టిన్


విజయవాడ,
ఏప్రిల్

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చేరేసరికి నేను మా ఆస్పత్రిలోనే మంచం మీద ఉన్నాను. పేషెంటుకి సెలైన్ పెడుతుంటే చెమటలు పోశాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. నాతో పనిచేసే కృష్ణవేణి నా మొహం చూసి, "షీబా, పడుకో, ఈసీజీ తీస్తాను" అంది. "ఈ పేషెంటు అయ్యాక" అన్నాను. వినలేదు. నాకూ గడ్డే. మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి దాన్ని లాగేసి, స్టెంట్ వేశారు. వేస్తున్నంతసేపూ "కదలకు, అయిపోయింది" అంటూనే ఉంది కృష్ణవేణి. ఆ మాట రోజూ నేను చెప్పేదే. ఇంకా అవలేదని నాకు తెలుసు. భయమేసిందిరా.

గుండె కొంత దెబ్బతింది. కొన్నాళ్లు డ్యూటీ వద్దన్నారు. అమ్మకి నువ్వే పక్కన కూర్చుని చెప్పు. తర్వాత బస్సెక్కి ఇక్కడికి రా. బరువేం మోయక్కర్లేదు. ఊరికే కూర్చో. ఇన్నేళ్లుగా అందరి మంచాల పక్కన నిలబడ్డాను. నా పక్కన మనవాళ్లు ఒకరు ఉంటే నిద్రపోతాను.

నీ రాకకోసం చూస్తూ,
షీబా