ఊడిపోతున్న ఆట పుస్తకం

ఆదివారం, పడుకోబోతూ

పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా మారి ఆడే మా ఆట నియమాల పుస్తకం ఇక అచ్చు కాదట. ఉప్పుగాలికి జిగురు వదిలి పేజీలు ఊడిపోతున్నాయి, కొత్తది కావాలని రాస్తే, ఇవాళ ప్రచురణకర్త మెయిల్ పెట్టాడు. ఒకరు కొంటే గుంపంతా ఏళ్ల తరబడి ఆడుకుంటుందట, రెండోది ఎవరూ కొనరట.

మాతో ఆడే అప్పలరాజుకి ఫోన్లో చదివి వినిపిస్తే నవ్వాడు. "మనం సేసిందీ అదే కదా బావ! ఒకటి కొని, గాజువాకలో జెరాక్స్ తీసి అయిదుగురం పంచుకున్నాం. ఆళ్లు మాత్రం ఏటి సేత్తారు?"

నాకు నవ్వు రాలేదు. ఆ జెరాక్సులు ఎప్పుడో వెలిసిపోయాయి. ప్లాంటులో డ్యూటీ దిగాక మాకున్న సరదా అదొక్కటే. ఆమధ్య బి షిఫ్టు వాళ్లు ఒకసారి చూస్తామని అడిగారు. నలిపేస్తారని భయపడి, పుస్తకం పోయిందని అబద్ధం చెప్పాను. చూపించి ఉంటే వాళ్లలో ఒక్కడైనా కొనేవాడేమో...