పిల్లర్ల దగ్గర ఆగిన బడి

శుక్రవారం, మందమర్రి

కొత్త బడికి అప్పు ఇవ్వలేమని బ్యాంకు వాళ్లు ఈ రోజు తేల్చి చెప్పారు. హామీగా చూపడానికి బడి కడుతున్న స్థలం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. తమ్ముడు రాజు మస్కట్‌లో లారీ నడిపి కూడబెట్టిందంతా పునాదికీ పిల్లర్లకే అయిపోయింది.

వాడికి ఎలా చెప్పాలా అనుకుంటుండగా వాడే ఫోన్ చేశాడు.

"అన్నా, మా కంపెనీ మూతపడ్డది. వచ్చే నెల ఇంటికొస్తున్న. ఫికర్ చెయ్యకు, మన బడి ఉన్నది గదా. పిల్లల బస్సు నేనే నడుపుత."

"పని ఆగింది తమ్మీ. బ్యాంకోళ్లు పైసలు ఇయ్యలేమన్నరు."



"స్వప్నకు గిప్పుడే చెప్పకు అన్నా. బిడ్డను మన బళ్లెనే ఏస్తనని వాడకట్టంత చెప్పుకున్నది" అని ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లోకి వెళ్లేసరికి మరదలు స్వప్న పాపకు అన్నం తినిపిస్తోంది.

"బ్యాంకుల ఏమన్నరు బావా?"

"జర టైం పడుతదన్నరు."

"పడనీ బావా. జూన్ల తెరిస్తే చాలు" అని పాపకు ఇంకో ముద్ద కలిపింది.

పక్కనే నిలబడి మంచినీళ్లు తాగాను. రాజు వచ్చేదాకా ఈ ఇంట్లో విషయం దాచి రోజూ ఆమె ముఖం చూడాలి. వాడు వచ్చాక మాత్రం ఏం చెబుతాం...