చచ్చిపోనని మొరాయించిన నాన్న

నా బంగారు తల్లికి,

నీకు సైన్యం వైద్య విభాగంలో ఉద్యోగం వచ్చిందని చదివి ఎగిరి గంతేశాను. మోకాలు పట్టేసింది, అది వేరే సంగతి. యుద్ధమొస్తే ఎంతమంది గాయపడాలో నువ్వే రాస్తావట కదా! జీవితమంతా బస్సు కండక్టరుగా చేసినా నా చేతిలో టికెట్లే ఉండేవి. నా కూతురి చేతిలో ఏకంగా యుద్ధమే! వీధంతా చెప్పేశాను. కాస్త దయతలచి తక్కువమందిని రాయమ్మా.

ఇట్లు,
కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్న మీ నాన్న

తా.క.: మన వీధి టైలరు మనవడు సైన్యంలోనే ఉన్నాడు. వాడికి చీలమండ బెణుకుతో సరిపెట్టు. నా చొక్కా ఊరికే కుడతానన్నాడు.

&nbsp;

నాన్నకు నమస్కారం.

గాయాలు నేను పంచిపెట్టను నాన్నా! ఇంతమంది గాయపడవచ్చని ఊహించి, ఎందరు డాక్టర్లు, ఎన్ని మంచాలు, స్ట్రెచర్లు మోయడానికి ఎందరు కావాలో అంచనా వేస్తాను. యుద్ధమేదీ లేదు. అసలు బాధ వేరే. నేనడిగిన మోసేవాళ్ళలో మా పెద్దాఫీసరు సగం కొట్టేశారు. "ఇద్దరు మోసేదానికి నలుగురెందుకమ్మా, ఊరేగింపా?" అన్నారు. అలసిపోతే చెయ్యి మార్చుకోవద్దా అంటే వినరు. ఆదివారం మైదానంలో డ్రిల్లు. సగంమందితో పని జరిగిపోతే ఆ సగమే ఖాయం. నిజంగా యుద్ధమొచ్చిన రోజున పడినవాళ్ళు పడినచోటే ఉంటారు. నాకు నిద్ర పట్టడంలేదు. గాయపడ్డట్టు నటించడానికి మనుషులు కావాలట. నీ పేరూ, టైలరు మామయ్య పేరూ ఇచ్చాను.

ఇట్లు,
నీ కూతురు

తా.క.: ఊరికే పడుకుంటే చాలు. మాట్లాడక్కర్లేదు.

&nbsp;

తల్లీ,

వీధి వీధంతా వస్తోంది! కానీ ఎవరికే గాయమో రాసి మీ ఆఫీసు పంపిన చీటీల్లో, నాదాంట్లో "మృతుడు" అని ఉంది. కన్నకూతురి ఆఫీసులో కన్నతండ్రికి ఇంతకంటే మంచి పోస్టే దొరకలేదా? మీ అమ్మయితే, "రోజూ మధ్యాహ్నం చేసేదేగా, మీకు రిహార్సల్ కూడా అక్కర్లేదు" అంటోంది. టైలరుకేమో వేలికి గాయమట. "సూది గుచ్చుకోవడానికి మైదానం దాకా రావాలా?" అని అలిగాడు. నీ పరువు మా పరువు. మేం చూసుకుంటాంలే.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న మీ నాన్న

తా.క.: వద్దని జవాబు రాయకు. పోస్టుమ్యాన్ కూడా మాతోనే వస్తున్నాడు.

&nbsp;

చిట్టితల్లికి,

మైదానంలో నువ్వు మొహం కప్పుకోవడం చూసి ఆనందబాష్పాలనుకున్నాను. మీ అమ్మ కాదంటోంది. మేం చేసిందల్లా చీటీలు చింపేసి, అందరం తొడ ఎముకలు విరగ్గొట్టుకోవడమే. అడుగు వేయగలిగినవాడు ఒక్కడుంటే ఒట్టు! మోసేవాళ్ళు పాపం కాసేపటికే చతికిలబడ్డారు. ఒకడికి కళ్ళు తిరిగితే పోస్టుమ్యానే జరిగి స్ట్రెచర్ మీద చోటిచ్చాడు. ఆఖరికి మీ పెద్దాఫీసరే నా స్ట్రెచర్ ఒక కొస పట్టుకున్నారు. ఎంత గౌరవం! ఆయన ఆగినప్పుడల్లా, "ముందు ఖాళీ ఉంది సార్, జరగండి జరగండి" అని ధైర్యం చెప్పాను. డాక్టర్ల గుడారం చేరాక ఆయనా నా పక్కనే పడుకున్నారు. నీ ఉద్యోగానికేం ఫరవాలేదు కదమ్మా?

ఇట్లు,
నోరు అదుపులో పెట్టుకోలేని మీ నాన్న

తా.క.: ఆయన నడుముకి వేడినీళ్ళ కాపడం మంచిదని మీ అమ్మ చెప్పమంది.

&nbsp;

నాన్నకు,

పెద్దాఫీసరు పక్కమీద బోర్లా పడుకునే సంతకం పెట్టారు. నేనడిగినవాళ్ళంతా మంజూరు, పైన ఇంకొందరు కూడా! "మీ నాన్నను మోసేదాకా సగమంటే ఎంతో తెలియలేదమ్మా" అన్నారు. నేను మొహం కప్పుకున్నది నవ్వాపుకోలేక. రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇట్లు,
నీ కూతురు

తా.క.: వచ్చే డ్రిల్లుకీ నువ్వు తప్పకుండా రావాలట. కాకపోతే ఈసారి నిన్ను శత్రువుల వైపు పడుకోబెట్టమన్నారు.