జీపు కింద ఇనుప పట్టీ

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ మావయ్యగారు, పిల్లలు, నేను బాగానే ఉన్నాం. మీ ఒంట్లో కూడా నలత లేదనే నమ్ముతున్నాను. కొత్త కాలుతో గోడ పట్టుకోకుండా నడిచారని రాసిన ముక్కను మావయ్యగారు మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. కాలు అతికే చోట పుండు పడిందన్నారుగా, అది మానేదాకా డాక్టరు మాట వినండి. మీ పంతం సంగతి నాకు తెలియనిదా?

మీరడిగినవన్నీ వరసగా రాద్దామని కూర్చున్నాను గానీ, పట్టపగలే కళ్లు మూతలు పడుతున్నాయి. పెద్దదానికి దగ్గు తగ్గింది. చిన్నాడు బడికి వెళ్లనని మొండికేయడం మాత్రం మానలేదు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. పనులు చీమల బారులా ఉన్నాయి, ఒకటి పోతే వెనకే ఇంకొకటి.

జీపు ఏం చేశావని అడిగారు. ఆ రోజు జాయింటు విరిగి, ఇంజను నుంచి చక్రాలను తిప్పే ఆ పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ నేల రేకును చీల్చుకుని మీ కాలి మీదికి వచ్చినప్పటి నుంచి మావయ్యగారు షెడ్డు వైపు తొంగి చూడలేదు. మన వెల్డరు ఒకరోజు వచ్చి, కొండల్లో తిరిగే బండ్లకు ముందు జాయింటు దగ్గర, షాఫ్ట్ చుట్టూ ఒక ఇనుప పట్టీ వేస్తారని చెప్పాడు. జాయింటు తెగినా షాఫ్ట్ ఆ పట్టీలోనే పడి ఉంటుందట. నేలకు గుచ్చుకోదు, పైకీ లేవదు.

మావయ్యగారు "ఇంత చిన్న ముక్క ఉంటే వాడి కాలు వాడికుండేదా?" అన్నారు. ఆయనే లేచి షెడ్డు తాళం తీశారు.

మావయ్యగారూ వెల్డరూ కలిసి మందపాటి పట్టీని కాల్చి వంచారు. నేను జీపు కింద పడుకుని లైటు పట్టుకున్నాను. మొదటిది బిగువైంది. చక్రం గుంతలో దిగగానే షాఫ్ట్ దానికి రాసుకుని కీచుమంది. విప్పి, వెడల్పు చేసి, మళ్లీ బండి చట్రానికి బోల్టులతో బిగించారు. పానా మాత్రం మావయ్యగారు ఎవరికీ ఇవ్వలేదు. గ్రీజు పూసుకుని బయటికొచ్చిన నన్ను చూసి, "ఈ అవతారం చూస్తే మావాడు గుర్తుపట్టడమ్మా" అన్నారు. మీకలా జరిగాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

ఇక దాచిన సంగతి. డ్రైవరు దొరికాడని పోయిన ఉత్తరంలో రాశాను. దొరకలేదు. మనిషి కాలు తీసుకున్న బండి అని ఎవరూ ఎక్కలేదు. కొండ మీది క్వారీ గుడిసెలకు పురుళ్లు పోసే నర్సమ్మను, మందుల పెట్టెను చేరుస్తున్నది నేనే. మీరు వద్దన్నారని తెలుసు. పైన నెలలు నిండిన మనిషి ఉందని ఆమె గుమ్మంలో నిలబడితే ఏమని చెప్పి పంపను?

పోయిన వారం రాళ్ల ఎత్తు ఎక్కుతుండగా కింద ధన్‌మని మోగింది. ఆ వెంటనే ఇనుము మీద ఇనుము కొట్టుకునే చప్పుడు, సరిగ్గా నా పాదాల కింద. నేను కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాను. బండి వెనక్కి జారడం మొదలైంది. నర్సమ్మ నా భుజం పట్టుకుని, "కాలు దించమ్మా" అంది మెల్లగా. ఆ చప్పుడు వినిపిస్తుండగానే కాలు దించి బ్రేకు తొక్కాను. ఎలా దించానో నాకే తెలియదు.

ఆగాక వంగి చూశాను. షాఫ్ట్ పట్టీలో వేలాడుతోంది. నేల రేకు చెక్కుచెదరలేదు. నర్సమ్మ పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లింది. ఆడపిల్ల పుట్టిందట, తల్లీబిడ్డా బాగున్నారు. నేను మాత్రం ఆ రాళ్ల మీద కూర్చుండిపోయాను. ఆ రోజు గురించి మీరెందుకు నోరు విప్పరో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ మీ మౌనం మీద లోపల కోపం ఉండేది. ఇప్పుడు లేదు.

మావయ్యగారు జాయింటు మార్చి, వంగిన పట్టీ తీసేసి కొత్తది వేశారు. "వాడికి నిజం రాయమ్మా. పోయింది కాలే, గుండె కాదు" అన్నారు.

మళ్లీ బండి నడపగలనా అని మీరు అడిగారు. నాకు తెలియదండీ. పోయింది క్లచ్ తొక్కే కాలు. ఉత్తుత్తి ధైర్యం చెప్పే ఓపిక కూడా లేదు, అంత అలసిపోయాను. కానీ రేపు నర్సమ్మ వస్తుంది, నేను వెళ్తాను.

కోప్పడాలనిపిస్తే ఉత్తరంలో వద్దు. ఇంటికొచ్చి, నా ఎదుట నిలబడి కోప్పడండి. ఎంతసేపు నిలబడితే అంతసేపూ వింటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు